లాక్‌డౌన్ జమాఖర్చు: 2020 నాటి అరువు పుస్తకం దొరికింది, రండి లెక్క చూద్దాం

కంటోన్మెంట్ కిరాణా (విజయనగరం)
22 మార్చి 2025, రాత్రి 9:40

అటక మీద ఎలుకల గోల పడలేక ఈ మధ్యాహ్నం అట్టపెట్టెలన్నీ కిందికి దింపాను. ఒకదాంట్లో 2020 నాటి అరువు పుస్తకం కనబడింది. అంచులు కొరికేశాయి గాని అంకెలు బాగానే ఉన్నాయి.

మార్చి 22 పేజీ ఖాళీ. జనతా కర్ఫ్యూ రోజు. మార్చి 24 పేజీలో ఉన్నది నా చేతిరాత కాదు, మా ఆవిడది. ఆ రాత్రి ఎనిమిదింటికి ప్రధాని టీవీలో చెప్పారు, పన్నెండు నుంచి అమలు అన్నారు. మర్నాడు ఉగాది. కొత్త బెల్లం, చింతపండు కోసం రావాల్సిన జనం బియ్యం, నూనె, పప్పుల మీద పడ్డారు. నేను తూస్తుంటే ఆవిడ రాసింది. ఆ తొందరలో ఒకాయనకి కందిపప్పు అనుకుని శనగపప్పు కట్టిచ్చానని తర్వాత తెలిసింది. ఎవరికిచ్చానో ఇప్పటికీ తెలీదు.

ఏప్రిల్ మొదటి వారం దాకా అరువు పెట్టినవాళ్ళంతా నా పాత ఖాతాదార్లే. రెండో వారం నుంచి కొత్త పేర్లు మొదలయ్యాయి. ఆటో అతను, జ్యూట్ మిల్లు కార్మికులు ముగ్గురు, బట్టల కొట్లో గుమాస్తా, పెళ్ళిళ్ళకి సన్నాయి వాయించే ఆయన. జూన్ ఆఖరుకి మొత్తం 1,12,000 తేలింది. అందులో 70 వేల చిల్లర వెనక్కొచ్చింది. మిగతాది అటక మీద ఉంది.

ఐదేళ్ళయింది కదా, వేడి తగ్గింది. ఆ లాక్‌డౌన్ వల్ల మనకి జమ ఎంత, ఖర్చు ఎంత? మీకు తెలిసింది చెప్పండి. పార్టీల గొడవ మాత్రం వద్దు.

గుర్ల జంక్షన్
22 మార్చి, రాత్రి 10:05

జమ సున్నా బాబాయ్. రాసేసుకో.

విజయనగరం జిల్లాలో మొదటి కేసు మే 7న వచ్చింది. మార్చి 25 నుంచి లెక్కేస్తే 43 రోజులు. లేని రోగానికి నేను 43 రోజులు టిఫిన్ హోటల్ మూసుకుని కూర్చున్నాను. పొయ్యి దగ్గర ఉండే కొరాపుట్ కుర్రాళ్ళిద్దరూ బస్సుల్లేక సాలూరు ఘాట్ మీదుగా నడిచి పోయారు. మళ్ళీ రాలేదు. దోసె పెనం మీద తుప్పు నేనే ఇటుకరాయితో గీకాను, జూన్‌లో.

బ్యాంకు వాయిదాలకి మూడు నెలలు మారటోరియం, అంటే తర్వాత కట్టుకునే వెసులుబాటు ఇచ్చారు, తర్వాత ఆగస్టు దాకా పొడిగించారు. మారటోరియం అంటే మాఫీ అనుకున్నా, నా తెలివి అలా ఏడిసింది. వడ్డీ మాత్రం ఏ రోజూ ఇంట్లో కూర్చోలేదు. వడ్డీ మీద వడ్డీ వేయకూడదని సుప్రీంకోర్టు చెప్పింది 2021 మార్చిలో. అప్పటికి హోటల్ అమ్మేశాను. ఇప్పుడు అదే జంక్షన్‌లో వేరేవాళ్ళ హోటల్లో కౌంటర్ మీద కూర్చుంటున్నాను.

నాగావళి సిస్టర్ (శ్రీకాకుళం)
22 మార్చి, రాత్రి 10:48

లేని రోగానికి కాదు తమ్ముడూ, ఇంకా రాని రోగానికి. ఆ తేడా నాకు తెలుసు, వార్డులో నిలబడ్డాను కాబట్టి.

మా జిల్లాలో మొదటి మూడు కేసులు ఏప్రిల్ 25న తేలాయి, పాతపట్నం వైపు. అదే నెల ముందు వచ్చి ఉంటే ఏమయ్యేదో చెప్తాను. మార్చిలో మా దగ్గరున్న రక్షణ దుస్తులు వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు. ఎలా తొడగాలో, ముఖ్యంగా ఎలా విప్పాలో మాలో ఎవరికీ తెలీదు. విప్పేటప్పుడే అంటుకుంటుంది. అప్పటికి దేశంలోనే ఆ దుస్తుల, అదే పీపీఈ కిట్ల తయారీ దాదాపు లేదు. మే నెలకి రోజుకి నాలుగు లక్షలు దాటింది. జనవరిలో ఈ పరీక్ష చేసేది పుణేలో వైరాలజీ సంస్థ ఒక్కటే. మే ఆఖరుకి దేశంలో 600 పైచిలుకు ల్యాబ్‌లు వచ్చాయి.

అన్నిటికంటే పెద్దది ఇంకోటి ఉంది, దాని గురించి ఎవరూ మాట్లాడరు. జూన్ 16న ఇంగ్లండ్‌లో రికవరీ ట్రయల్ అని కోవిడ్ మందుల్ని పరీక్షించినవాళ్ళు డెక్సామెథసోన్ ఫలితం చెప్పారు. రూపాయల్లో దొరికే పాత స్టెరాయిడ్. వెంటిలేటర్ మీదున్నవాళ్ళలో మరణాలు మూడో వంతు తగ్గాయి. మన దగ్గర వార్డులు నిండింది జూలై, ఆగస్టుల్లో. అంటే మన రోగులు ఆ ఇంజక్షన్ తర్వాత జబ్బుపడ్డారు. ఏప్రిల్‌లో పడి ఉంటే క్లోరోక్విన్ మాత్రలిచ్చి దండం పెట్టుకునేవాళ్ళం.

సుఖంగా ఉన్నామని మాత్రం అనుకోకండి. కిట్ వేసుకుంటే ఆరు గంటలు మంచినీళ్ళు లేవు, బాత్రూం లేదు. డ్యూటీ దిగి గ్లవ్స్ తీస్తే వేళ్ళు రోజంతా బట్టలుతికినట్టు ముడతలు పడిపోయి ఉండేవి.

గుర్ల జంక్షన్
22 మార్చి, రాత్రి 10:56

కాదనను సిస్టర్, మీ కాళ్ళకి దండం. కానీ మీకు ఆ టైము దొరికింది కదా, దానికి డబ్బు కట్టింది నేను. రసీదు కూడా ఇవ్వలేదు.

అంకెల అబ్బులు (బెంగళూరు, సొంతూరు విజయనగరం)
23 మార్చి, ఉదయం 7:30

ఇద్దరి మాటా నిజమే. అంకెలు కూడా అదే చెప్తున్నాయి.

ఐసీఎంఆర్ (భారత వైద్య పరిశోధన మండలి) వాళ్ళు 2020 మే, జూన్‌లో మొదటి సీరో సర్వే చేశారు. రక్తంలో యాంటీబాడీలు చూసి ఎంతమందికి సోకిందో అంచనా కట్టడం అన్నమాట. మన రాష్ట్రం నుంచి తీసుకున్న జిల్లాల్లో విజయనగరం ఒకటి. దేశం మొత్తం మీద పెద్దవాళ్ళలో 0.73 శాతానికే సోకినట్టు తేలింది. 2021 జూన్, జూలైలో చేసిన నాలుగో సర్వేలో అది 67.6 శాతం. కాబట్టి లాక్‌డౌన్ రోగాన్ని ఆపలేదు, వాయిదా వేసింది. వాయిదా విలువ ఎంతన్నదే తగువు.

పండితులు కూడా తేల్చుకోలేదు. 2020 జూన్‌లో లండన్ ఇంపీరియల్ కాలేజీ బృందం ఆంక్షల వల్ల 11 యూరప్ దేశాల్లో 30 లక్షల ప్రాణాలు నిలిచాయని నేచర్ పత్రికలో రాసింది. 2022లో ముగ్గురు ఆర్థికవేత్తలు పాత అధ్యయనాలన్నీ కలిపి చూసి, 2020 వసంతకాలంలో లాక్‌డౌన్ల వల్ల మరణాలు 0.2 శాతమే తగ్గాయన్నారు. ఎక్కడి 30 లక్షలు, ఎక్కడి 0.2! మొదటివాళ్ళ లెక్కలో చట్టం లేకపోతే జనం మామూలుగానే తిరిగేవాళ్ళు. నిజానికి భయం వేస్తే మనం చట్టం చెప్పకుండానే గడప దాటం. రెండోవాళ్ళు ఏ అధ్యయనాలను తీసుకున్నారు, దేన్ని లాక్‌డౌన్ అన్నారు అన్నదాని మీద బోలెడు అభ్యంతరాలొచ్చాయి.

దేశాల్ని పోల్చినా అంతే. న్యూజిలాండ్ చుట్టూ సముద్రం, తలుపులు గట్టిగా బిగించి టీకా దాకా నెట్టుకొచ్చింది. స్వీడన్ ప్రైమరీ స్కూళ్ళు తెరిచే ఉంచింది. 2020లో పక్కనున్న నార్వే, ఫిన్లాండ్ కన్నా చాలా ఎక్కువమంది పోయారు, వృద్ధాశ్రమాల్లో మరీనూ. కానీ మూడేళ్ళు కలిపి చూస్తే యూరప్‌లో తక్కువ అదనపు మరణాలున్న (అంటే మామూలు ఏళ్ళకన్నా ఎక్కువగా పోయినవాళ్ళు తక్కువున్న) దేశాల్లో అదొకటి.

మనం చూసుకోవాల్సింది వీటిని కాదు, పెరూని. మార్చి 16 నుంచే మనలాగే కఠినంగా మూసేశారు. అయినా జనాభాతో పోలిస్తే ప్రపంచంలో ఎక్కువమంది చనిపోయిన దేశాల్లో ముందుంది. అక్కడ దాదాపు సగం ఇళ్ళలో ఫ్రిజ్ లేదు. రోజూ సంతకి పోక తప్పదు. ప్రభుత్వం ఇచ్చిన సాయం తీసుకోవాలంటే బ్యాంకు దగ్గర లైను. సంత, లైను, ఈ రెండు చోట్లే అంటుకుంది. జన్‌ధన్ ఐదొందల కోసం మన బ్యాంకుల ముందు ఎండలో నిలబడ్డ ఆడవాళ్ళు గుర్తొచ్చారా?

కంటోన్మెంట్ కిరాణా
23 మార్చి, ఉదయం 8:15

గుర్తు రాకేం. నా కొట్టు ముందు నేనే సున్నంతో గుండ్రాలు గీశాను. మొదటి రెండు రోజులు గుండ్రంలో మనుషులు నిలబడ్డారు. మూడో రోజు నుంచి గుండ్రంలో సంచీ, మనిషి వేపచెట్టు నీడన, పదిమందితో కలిసి.

తీరం కుర్రోడు (పూసపాటిరేగ వైపు)
23 మార్చి, ఉదయం 11:20

మా మావయ్య సంగతి చెప్తాను. మా ఊళ్ళవాళ్ళు చాలామంది ఆగస్టులో గుజరాత్ వేరావల్ పోతారు. అక్కడ బోట్ల మీద వేట చేసి ఎండాకాలంలో తిరిగొస్తారు. మన దగ్గర జెట్టీలు లేక, పెద్ద బోట్లకి చోటు లేక ఇదంతా.

లాక్‌డౌన్ పడేసరికి ఉత్తరాంధ్ర జిల్లాలవాళ్ళు అక్కడ నాలుగు వేల మంది దాకా ఇరుక్కుపోయారు. వేట ఆగింది. ఒడ్డున వీళ్ళకి ఇళ్ళు లేవు కదా, బోటే ఇల్లు. హార్బర్‌లో బోటుకి బోటు తగిలించి కట్టేశారు, ఒక్కోదాంట్లో ఏడెనిమిది మంది. మావయ్య ఫోన్ చేస్తే వెనకాల మనుషుల మాటలే తప్ప సముద్రం వినబడేది కాదు. దూరం దూరం ఉండమని రికార్డు ప్రతి ఫోన్‌కీ ముందు మోగేది. అది విని మావయ్య, "ఏటి దూరం రా, కాలు సాపితే పక్కోడి మొహానికి తగుల్తాది" అనేవాడు.

ఏప్రిల్ ఆఖరున బస్సులేసి తీసుకొచ్చారు. గుజరాత్ నుంచి ఇక్కడికి మూడు రోజులు కూర్చునే ప్రయాణం. వచ్చాక క్వారంటైన్. మా అత్త స్కూలు గోడ ఇవతల నుంచి ఎండు చేపల కూర గిన్నె కర్రకి తగిలించి అందించింది. ప్రభుత్వం చేతిలో రెండు వేలు పెట్టింది, లేదనను. ఆ ఏడు మన తీరంలో చేపల వేట నిషేధం కూడా జూన్ 14 దాకా కాకుండా మే 31కే ఎత్తేశారు. కానీ తొమ్మిది నెలల వేట డబ్బు చివర్లో లెక్క చూసి ఇస్తారు. ఆ లెక్క చూడ్డానికి సేఠ్, అదే బోటు యజమాని, బయటికి రాలేదు. ఇప్పటికీ రాలేదు.

ఉద్దానం కొబ్బరి (కవిటి)
23 మార్చి, మధ్యాహ్నం 1:10

మా వైపు కిడ్నీ జబ్బుల గురించి మీకు చెప్పక్కర్లేదు. మా నాన్నకి వారానికి రెండుసార్లు డయాలసిస్. అది వాయిదా వేసే పని కాదు. ఒక్క విడత తప్పితే కాళ్ళు వాస్తాయి, రెండు తప్పితే ఊపిరాడదు.

మిషను ఆగలేదు. దారి ఆగింది. ఆటోవాడికి పాస్ లేదు. పాస్ కోసం నేను నాలుగు రోజులు తిరిగాను. ఐదో రోజు బైకు మీద నాన్నని మధ్యలో కూర్చోబెట్టి, వెనక తమ్ముడు పట్టుకుని, తోటల్లోంచి ఇసక దారిన తీసుకెళ్ళాం. 2018లో తిత్లీ తుఫానుకి పడిపోయిన చెట్ల మొదళ్ళు ఇంకా దారికి అడ్డంగా ఉన్నాయి అప్పటికి. దారంతా నాన్న ఒకటే అడిగాడు, "మనం ఏటి తప్పు సేసినాం రా, దొంగదారిన పోతన్నాం?" అని.

తిత్లీ అన్నాను కాబట్టి ఇంకో మాట. తుఫాను వస్తుందంటే రెండు మూడు రోజుల ముందు నుంచి చెప్తారు. వంశధార మీద గొట్టా బ్యారేజీ గేట్లు ఎత్తితే కింది ఊళ్ళకి దండోరా వేస్తారు. గాలికీ నీళ్ళకీ ఇచ్చే గడువు మనుషుల్ని ఇళ్ళలో పెట్టడానికి ఎందుకివ్వలేదు? నాలుగు గంటలే. నేను లాక్‌డౌన్‌కి వ్యతిరేకిని కాను. నాన్నలాంటివాళ్ళకి కోవిడ్ వస్తే బతకరని నాకు తెలుసు. నా గొడవంతా ఆ నాలుగు గంటల గురించే.

గుర్ల జంక్షన్
23 మార్చి, మధ్యాహ్నం 1:22

ముందే చెబితే జనమంతా రైళ్ళెక్కి రోగాన్ని ఊరూరా మోసేవాళ్ళని అంటారు కదా మరి.

ఉద్దానం కొబ్బరి
23 మార్చి, మధ్యాహ్నం 1:31

ఎలాగూ మోశారు కదండీ. మార్చిలో ఊళ్ళకి వచ్చి ఉంటే దేశం మొత్తం మీద కేసులు వందల్లో ఉన్నాయి. మే నెలలో వలస కూలీలకి శ్రామిక్ రైళ్ళేసి తెచ్చేసరికి వేలల్లో, లక్షల్లో. ఆరోగ్యంగా ఉన్నప్పుడు ఆపి, సోకాక పంపినట్టయింది. ఇచ్ఛాపురం దగ్గర పురుషోత్తపురం చెక్‌పోస్టు మాకు దగ్గరే. ఒడిశా కూలీలు నెత్తిన మూటలు, చంకన పిల్లలతో హైవే మీద నడిచిపోతుంటే మజ్జిగ, అరటిపళ్ళు ఇచ్చాం. చెప్పులు అరిగి ప్లాస్టిక్ సీసాలు తొక్కి కాళ్ళకి కట్టుకున్నారు కొందరు.

బెంచీ మాస్టారు (సాలూరు)
23 మార్చి, రాత్రి 8:00

ఆలస్యంగా వచ్చాను, క్షమించాలి. అందరూ పెద్దవాళ్ళ లెక్క చెప్పారు. పిల్లల పద్దు నేను చెప్తాను. మా సాలూరు అప్పటికి విజయనగరం జిల్లాయే.

బడులు 2020 మార్చిలో మూశారు. తొమ్మిది, పది తరగతులకి నవంబర్ 2న తెరిచారు. ఒకటి నుంచి ఐదు తరగతులకి 2021 ఫిబ్రవరి 1న. ఏప్రిల్ 20 నుంచి మళ్ళీ మూత. తిరిగి తెరిచింది ఆగస్టు 16న. అంటే చిన్నపిల్లలకి పదిహేడు నెలల్లో రెండున్నర నెలల చదువు. మద్యం షాపులు 2020 మే 4నే తెరుచుకున్నాయి. ధరలు 75 శాతం పెంచినా లైన్లు తగ్గలేదు. నేను తాగను కాబట్టి అసూయతో చెప్తున్నానని అనుకోకండి.

సప్తగిరి ఛానెల్లో పాఠాలు వేశారు. కొండ మీది గూడేల్లో టీవీ ఎక్కడిది? ఫోన్ ఉన్న ఇంట్లో సిగ్నల్ కోసం చింతచెట్టు ఎక్కాలి. గుడ్లు, చిక్కీలు, బియ్యం ఇళ్ళకి పంచాం, అది మాత్రం బాగా జరిగింది. కోడిగుడ్లు ఇవ్వడానికి వెళ్ళినప్పుడే నేను పిల్లల్ని చూసేది.

ఒకటో తరగతిలో అక్షరాలు దిద్దుతూ ఇంటికెళ్ళిన ఒక పిల్ల, 2021 ఆగస్టులో మూడో తరగతి బెంచీ మీద వచ్చి కూర్చుంది. పేరు రాయమన్నాను. మొదటి అక్షరం రాసింది. బలపం నోట్లో పెట్టుకుని కాసేపు ఆలోచించింది. తర్వాత పలక నెమ్మదిగా బోర్లించేసి, "మర్సిపోనాను సారూ" అంది. తిట్టలేదు. ఆ అమ్మాయి మర్చిపోయింది ఒక అక్షరం కాదు, బడికి రావడం అనే అలవాటు. ఇద్దరు మగపిల్లలు అసలు రానేలేదు. ఒకడు మేకలతో, ఒకడు వాళ్ళ నాన్నతో కలిసి ఇటుక బట్టీలో.

2021లో అజీమ్ ప్రేమ్‌జీ యూనివర్సిటీ వాళ్ళు ఐదు రాష్ట్రాల్లో పదహారు వేలమంది పిల్లల్ని చూశారు. మన రాష్ట్రం అందులో లేదు. ముందు ఏడాది వచ్చిన భాషా నైపుణ్యాల్లో కనీసం ఒకటి 92 శాతం మంది మర్చిపోయారు. నాకు ఆశ్చర్యం అనిపించలేదు.

లాక్‌డౌన్ మొదటి రెండు నెలలకి నేను ఓటేస్తాను, సిస్టర్ గారు చెప్పిన కారణాలకే. తర్వాత బడులు మూసి ఉంచడానికి వెయ్యను. ఆ రెండూ ఒకే పద్దు కాదు, కలిపి కూడకండి.

నాగావళి సిస్టర్
23 మార్చి, రాత్రి 9:25

మాస్టారూ, విడగొట్టాలన్న మాట బాగుంది. అయితే నా వైపు ఖర్చు కూడా నేనే చెప్పాలి, దాచకూడదు.

2019లో దేశంలో నమోదైన క్షయ కేసులు 24 లక్షలు. 2020లో 18 లక్షలు. జబ్బు తగ్గలేదు, దగ్గేవాళ్ళు ఆసుపత్రికి రాలేదు. వచ్చినా "కోవిడా?" అని దూరం పెట్టాం. ఆ ఆరు లక్షల తేడాలో ఎంతమంది ఇంట్లో దగ్గుతూ ఎంతమందికి అంటించారో ఏ పుస్తకంలోనూ ఉండదు. భయాన్ని మనమే అంత పెంచాం. 2020 జూన్‌లో పలాసలో చనిపోయిన ఒక పెద్దాయన్ని జేసీబీలో తీసుకెళ్ళడం దేశమంతా చూసింది.

ఇంకోటి. 2021 మేలో అసలు గండం వచ్చినప్పుడు దేశమంతా లాక్‌డౌన్ పెట్టలేదు. మన రాష్ట్రంలో మే 5 నుంచి మధ్యాహ్నం 12 దాటాక కర్ఫ్యూ. అప్పటికి మూసుకునే ఓపిక ఎవరికీ లేదు, గుర్ల తమ్ముడికైతే మూయడానికి హోటలే లేదు. 2020, 2021 రెండేళ్ళకి దేశంలో అదనపు మరణాలు 47 లక్షలని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా. మన ప్రభుత్వం ఒప్పుకోలేదు, సర్కారు నమోదు చేసిన కోవిడ్ మరణాలు 4.8 లక్షలు. ఏది ఒప్పుకున్నా, ఆ మే నెల నేను చూశాను. వద్దులెండి.

నిర్వాహకుడు
23 మార్చి, రాత్రి 10:10

రెండు పోస్టులు తొలగించాను. పార్టీల పేర్లు, ఒక మతం గురించి రాసినవి. రోగాన్ని ఒక మతానికి అంటగట్టే ఆ 2020 ఏప్రిల్ పాట మళ్ళీ ఇక్కడ పాడకండి.

కంటోన్మెంట్ కిరాణా
23 మార్చి, రాత్రి 10:40

అందరివీ రాసుకున్నాను. నాకు తట్టింది ఇది. మా కొట్లో ఎవరు సరుకు తీసుకుంటే వాళ్ళ పేరునే అరువు పడుతుంది. ఇక్కడ అలా జరగలేదు. సిస్టర్ వార్డుకి దొరికిన టైము వయసు మళ్ళినవాళ్ళకి, షుగరు, కిడ్నీ జబ్బులున్నవాళ్ళకి జమ. నాకూ జమే, నాకు అప్పటికే స్టెంట్ ఉంది. ఖర్చు మాత్రం గుర్ల అబ్బాయి, వేరావల్ మావయ్య, పలక బోర్లించిన పిల్ల పేర్ల మీద పడింది. సరుకు ఒకరిది, అరువు ఇంకొకరిది.

ఇచ్చింది అసలే లేదని కాదు. మనిషికి ఐదు కిలోల బియ్యం ఇచ్చారు, ఉపాధి హామీకి అదనంగా 40 వేల కోట్లు ఇచ్చారు. మా కొట్టుకి ఆ బియ్యం వల్ల బేరం తగ్గిందంటే ఎంతమందికి చేరిందో చూడండి. కానీ బియ్యం తిన్నవాడికి ఉప్పు, నూనె, గ్యాసు, అద్దె ఉంటాయి కదా. ఏప్రిల్ నుంచి జూన్ దాకా ఆ మూడు నెలల్లో దేశం ఆదాయం 23.9 శాతం పడిపోయిందని పేపర్లో చదివాను. మా సన్నాయి ఆయనకి నూటికి నూరు పడిపోయింది.

ఆయన బాకీ 2,360. మరుసటేడు పెళ్ళిళ్ళలో వాయించి తీర్చాడు. వంద నోట్లన్నీ కుంకుమ మరకలే.

తీరం కుర్రోడు
24 మార్చి, ఉదయం 6:50

రాత్రి ఇదంతా మావయ్యకి ఫోన్‌లో చదివి వినిపించాను. ఎక్కడున్నాడనుకున్నారు? వేరావల్లోనే. 2020 తర్వాత చస్తే పోనన్నాడు. 2021 ఆగస్టులో మళ్ళీ రైలెక్కాడు.

ముందు ఎన్ని రోజులు చెప్పి ఉంటే సరిపోయేదని అడిగాను. లోపలికెళ్ళిన బోటు ఒడ్డుకి రావడానికే పది పదిహేను రోజులు పడుతుందన్నాడు. వాళ్ళ బోటు మార్చి 24న నడిసముద్రంలో ఉంది. వాళ్ళకి సంగతి తెలిసేసరికే లాక్‌డౌన్ మొదలై ఆరు రోజులయింది. పట్టిన చేప కొనేవాడు లేక అంతా మళ్ళీ సముద్రంలో పోశారట.

గుర్ల జంక్షన్
24 మార్చి, ఉదయం 7:15

బాబాయ్, జమ సున్నా అన్నాను కదా, దాన్ని కొట్టేసి సిస్టర్ చెప్పిన ఇంజక్షన్ రాసుకో. మా అమ్మకి ఆ సెప్టెంబర్‌లో అదే ఇచ్చారు. ఖర్చు దగ్గర మాత్రం ఒక్క అంకె కూడా తగ్గించకు.

అంకెల అబ్బులు
24 మార్చి, ఉదయం 8:05

బాబాయ్, ఒక చిన్న విషయం. నేను ఆ మార్చి 21నే బెంగళూరు నుంచి ఇంటికొచ్చాను. మీ కొట్టుకి రెండు వీధుల అవతలే మా ఇల్లు. ఉగాది నాడు మా అమ్మ మామిడికాయ పప్పు పెడితే ఎంతసేపు ఉడికినా పలుకు పలుకుగానే ఉంది. ఆ శనగపప్పు మాదే. రెండు కిలోలు. కందిపప్పు రేటే తీసుకున్నారని మా నాన్న ఇప్పటికీ మీ కొట్టు ముందు నుంచి వెళ్ళరు, చుట్టూ తిరిగి వెళ్తారు.

కంటోన్మెంట్ కిరాణా
24 మార్చి, ఉదయం 8:20

ఓరి నాయనో, అందుకా! ఐదేళ్ళుగా ఆయనకి నా మీద కోపం ఎందుకో అర్థం కాక నలిగిపోతున్నాను. సాయంత్రం రమ్మను. రెండు కిలోల కందిపప్పు కట్టి ఉంచుతాను. ఈసారి తూకం ఆయన్నే చూసుకోమను.